పెన్షను ఎవరిస్తారో చెప్పిన టీచరు గారు

మా టీచరు గారు పోయారన్న కబురు మూడో పీరియడ్ మధ్యలో వచ్చింది. తొమ్మిదో తరగతికి సమీకరణాలు చెబుతున్నాను. జేబులో ఫోన్ రెండుసార్లు కొట్టుకుని ఆగి, మళ్ళీ మొదలైంది. వరండాలోకి వచ్చి చూస్తే ఆవిడ అక్క కూతురు. నూజివీడులో నర్సుగా చేస్తూ ఆవిడ దగ్గరే ఉంటున్న అమ్మాయి.

"అన్నయ్య గారూ, పిన్ని పోయిందండీ. పొద్దున రెండు ఇడ్లీ తింది. పేపరు తీసుకుని కుర్చీలో కూర్చుంది. డ్యూటీకి వెళ్తూ 'వస్తా పిన్నీ' అంటే పలకలేదు," అంది. గొంతు మామూలుగానే ఉంది. రోజూ ఇలాంటివి చూసే ఉద్యోగం కదా. "మీకు ముందు చెప్పాలని ఎప్పుడో చెప్పి పెట్టింది," అంది.

నేను లోపలికి వెళ్ళి, బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తి చేసి, ఆ తర్వాతే పర్మిషన్ అడిగి బయల్దేరాను. లెక్క మధ్యలో వదిలేసి వచ్చానంటే ఆవిడ ఊరుకునేవారు కాదు.

మర్నాడు చర్చి వెనకున్న సమాధుల తోటలో పూడ్చిపెట్టాం. మామిడి పూత నిండుగా ఉన్న రోజులు. చుట్టుపక్కల తోటల్లో పురుగుమందు కొడుతున్నారు. పాస్టరు గారి ప్రార్థన మధ్యలో స్ప్రేయరు మోటారు చప్పుడు వస్తూ పోతూ ఉంది. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. తోటలు కౌలుకు చేసేవాళ్ళు, ఆటోలు తోలేవాళ్ళు, ఒక బస్సు కండక్టరు, ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లు. ఆవిడ గురించి పెద్ద పెద్ద మాటలు ఎవరూ అనలేదు. నేనూ రాయను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆగిరిపల్లి దగ్గర మా ఊరి హైస్కూల్లో పదో తరగతికి ఆవిడ నాకు సోషల్ చెప్పారు. ఏళ్ళు గడిచి నేను లెక్కల మాస్టారినై అదే స్కూలుకు పోస్టింగ్ మీద వచ్చేసరికి ఆవిడ హెడ్మిస్ట్రెస్. చదువుకునే రోజుల్లో "ఏరా" అనేవారు. నేను జాయినింగ్ రిపోర్టు పట్టుకుని గదిలోకి అడుగుపెట్టిన రోజు మాత్రం లేచి నిలబడి, "రండి మాస్టారూ, కూర్చోండి," అన్నారు. నేను కూర్చోలేకపోయాను. ఆ తర్వాత స్కూలు కాంపౌండులో ఉన్నంతసేపూ "మీరు", గేటు దాటితే "నువ్వు". ఆ పద్ధతి ఒక్కసారి కూడా తప్పలేదు.

పదో తరగతిలో ఒక రోజు ప్రభుత్వ ఆదాయం, ఖర్చుల పాఠం. పుస్తకం తెరవకుండానే అడిగారు. "నాకు జీతం ఎవరిస్తున్నారు?"

"గవర్నమెంటండీ," అన్నాం అందరం.

"గవర్నమెంటుకి ఎవరిస్తున్నారు?"

ఆవిడ చేతిసంచిలోంచి సబ్బు బిళ్ళ తీసి బల్ల మీద పెట్టారు. పొద్దున బస్సు దిగాక కొన్నారట. "దీని ధరలో పన్ను ఉంది. మీ నాన్న కొట్టించే డీజిల్లో ఉంది. సినిమా టిక్కెట్టులో ఉంది. అన్నీ పోగైతే నా జీతం. అంటే ఇప్పుడు నాకు జీతం ఇస్తున్నది మీ అమ్మానాన్నలు. నేను రిటైరయ్యాక నాకు పెన్షను ఇచ్చేది మీరు. నా కోసం ఎక్కడో బీరువాలో దాచిపెట్టిన డబ్బేమీ ఉండదు. ఆ నెల మీరు కట్టినదాంట్లోంచే ఆ నెల నాకు రావాలి. మీరు సరిగ్గా చదువుకోకపోతే నా ముసలితనం ఏమవుద్దో మీరే ఆలోచించండి."

మేం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. మర్నాడు ఆ పాఠం మీద స్లిప్ టెస్ట్ పెట్టారు.

నా ఉద్యోగం కథ కూడా కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాత సంగతి అర్థం కాదు. మా బ్యాచ్‌కి టీచరు పోస్టుల ప్రకటన పడినప్పుడు పాత పెన్షను పద్ధతే ఉంది. పరీక్ష రాశాం, ర్యాంకులు వచ్చాయి, ఎక్కడో ఆగింది. ఆర్డర్లు మా చేతికి వచ్చేసరికి పద్ధతి మారిపోయింది. రెండు వేల నాలుగు తర్వాత చేరినవాళ్ళకి పాత పెన్షను లేదన్నారు. మా జీతంలోంచి నెలనెలా పదో వంతు కోస్తారు, సర్కారు కూడా అంత కలుపుతుంది, ఆ మొత్తం బాండ్లలో, షేర్లలో పెడతారు. రిటైరయ్యేనాటికి అది ఎంతైతే అంత. అందులో కొంత చేతికిస్తారు, మిగిలినదానితో నెలనెలా కొంత వచ్చే ఏర్పాటు చేస్తారు. ఎంత వస్తుందో ముందు ఎవరూ చెప్పలేరు. పాత పద్ధతివాళ్ళకి ఆఖరి జీతంలో సగం, దాని మీద కరువు భత్యం, వాళ్ళ తర్వాత ఇంట్లోవాళ్ళకి కుటుంబ పెన్షను. ఒకే స్టాఫ్ రూములో, ఒకే టేబుల్ దగ్గర కూర్చుని, ఒకే సిలబస్ చెప్పే మేం ఇలా రెండు రకాలయ్యాం.

కోత మొదలైన నెల జీతం స్లిప్పు తీసుకెళ్ళి ఆవిడ టేబుల్ మీద పెట్టాను. ఫిర్యాదులాగే పెట్టాననుకుంటాను. కళ్ళజోడు పైకి తోసుకుని నిదానంగా చదివారు.

"ఇది నీ పేరు మీద ఉంటది. ఎంతుందో ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు. నాకు అలాంటిదేమీ లేదు. చివరిదాకా ఇస్తామన్న మాట ఉందంతే," అన్నారు. స్లిప్పు మడిచి నా చేతికిస్తూ, "నీకు డబ్బుంది, మాట లేదు. నాకు మాటుంది, డబ్బు లేదు. రెండూ ఉంటే బాగుండేది," అన్నారు. అది స్కూల్లో జరిగిన సంభాషణే. "మీరు" అనడం మర్చిపోయారు. ఒక్కసారి కూడా తప్పలేదని పైన రాశాను, ఆ ఒక్కసారి తప్పింది.

అరవై నిండి రిటైరయ్యాక ఆవిడ మా ఊళ్ళోనే ఉండిపోయారు. భర్త చాలా ముందే పోయారు, పిల్లలు లేరు. మూడు గదుల డాబా, వెనక నాలుగు అరటిచెట్లు. ఆదివారం చర్చి, మిగిలిన రోజులు పేపరు, సాయంత్రం లెక్కల్లో, ఇంగ్లీషులో వెనకబడిన పిల్లలెవరైనా వస్తే చెప్పడం. ఫీజు తీసుకునేవారు కాదు. "ఇంకా జీతం తీసుకుంటూనే ఉన్నాను కదా," అనేవారు.

పెన్షను పడిన రోజు సరుకులన్నీ ఊళ్ళో కొట్లోనే కొనేవారు. నూజివీడులో పెద్ద షాపులో పప్పు నాలుగు రూపాయలు తక్కువకి వస్తుందని అక్క కూతురు గొణిగేది. "ఇక్కడికొచ్చిన డబ్బు ఇక్కడ ఒక చుట్టు తిరిగి పోవాలి. నేను నేరుగా నూజివీడు పట్టుకుపోతే మన దర్జీ కొట్టు ఆయన భార్యకి జాకెట్టు కుట్టిన డబ్బులు ఎవరి దగ్గర తెచ్చుకుంటాడు?" అనేవారు.

ఇది ఆవిడ సరదాకి అన్న మాట కాదని కొట్టు ఆయన దగ్గర నాకు తెలిసింది. ఒక ఏడు మామిడి కాపు సరిగా లేదు. కోత కూలీలకి పని లేదు, లారీలు రాలేదు. ఆ వేసవిలో కొట్టుకి వెళ్తే ఆయన తీరిగ్గా కూర్చుని ఉన్నాడు. "మన ఊళ్ళో టీచర్లుగా చేసి రిటైరయిన వాళ్ళు ముగ్గురున్నారండీ," అన్నాడు. "కాయ ఉన్న ఏడు ఆ ముగ్గురి సంగతి మాకు గుర్తుండదు. కాయ లేని ఏడు కొట్టు తలుపు తీశామంటే వాళ్ళ వల్లే. ఒకటో తారీకు వాళ్ళు తీరుస్తారు, రెండో తారీకు నేను పాలావిడకి తీరుస్తాను, ఆవిడ దాణా తెచ్చుకుంటది."

పెన్షను ఆలస్యంగా పడిన నెలలు కూడా కొన్ని ఉన్నాయి. ఒకటి పోయి ఐదయ్యేది, ఐదు పోయి పదయ్యేది. మాలాంటివాళ్ళం ఫోన్లలో తిట్టుకుంటూ కూర్చునేవాళ్ళం. ఆవిడ తిట్టేవారు కాదు, అలాగని సమర్థించేవారూ కాదు. "వచ్చే పన్ను తక్కువ, ఇచ్చే మాటలు ఎక్కువ అయితే ఇంతే. అప్పు తెచ్చి ఇస్తారు. ఆ అప్పు మళ్ళీ నీ క్లాసులో పిల్లలు తీర్చాలి," అనేవారు.

పక్కింట్లో ఒక ముసలావిడ ఉండేది. జీవితమంతా తోటల్లో కాయలు కోసి, గ్రేడింగు చేసి బతికింది. ఆమెకి వచ్చేది వృద్ధాప్య పింఛను. ఒకటో తారీకున ఇంటికి తెచ్చి ఇస్తే, ఆమె ఆ నోట్లు కొంగున కట్టుకుని మా టీచరు గారి గుమ్మంలోకి వచ్చి కూర్చునేది. "మీకూ వచ్చిందా అమ్మగారూ?" అని అడిగేది. "వచ్చింది," అనేవారు ఈవిడ. అంతకుమించి చెప్పేవారు కాదు. ఒకసారి ఆమె వెళ్ళాక నాతో అన్నారు, "ఇద్దరిదీ ఒకటే బొక్కసం. నాకు ఆమెకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వస్తది. ఆమె నాకంటే తక్కువ పని చేసిందా? నాకు దీనికి జవాబు తెలీదురా. తెలీదని మాత్రం గుర్తు పెట్టుకుంటాను."

మా ఇద్దరికీ తేడా వచ్చింది కూడా ఈ విషయంలోనే.

పాత పెన్షను కావాలని మా యూనియన్ వాళ్ళం నూజివీడులో టెంటు వేసి ధర్నాకి కూర్చున్నాం. రిటైరైన వాళ్ళెవరైనా వచ్చి మద్దతుగా మాట్లాడితే బాగుంటుందని అనుకున్నాం. టీచరు గారిని పిలిచే పని నేను మీదేసుకున్నాను. పిలవగానే ఒప్పుకున్నారు. ఎండలో బస్సు దిగి, గొడుగు వేసుకుని వచ్చి, కుర్చీ వేయబోతే వద్దని మాతో పాటు పట్టా మీద కూర్చున్నారు. మధ్యాహ్నం పులిహోర పొట్లం మాతోనే తిన్నారు. తర్వాత మైకు ఇచ్చారు.

"మీకు అన్యాయం జరిగింది," అని మొదలుపెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. "ఒకే పని చేసినవాళ్ళకి రెండు రకాల ముసలితనం ఉండకూడదు. మీరు అడగాల్సిందే. కానీ అడిగేటప్పుడు ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలో కూడా మీరే చెప్పండి. మీరు టీచర్లు. మన పక్కనున్న కూలివాళ్ళకి అర్థమయ్యేటట్టు చెప్పండి. వాళ్ళు కొనే ఉప్పులోంచి, నూనెలోంచి కూడా వస్తది ఈ పెన్షను. వాళ్ళకి ముసలితనంలో వచ్చే ఆ కాస్త పింఛను తప్ప ఇలాంటి పెన్షను లేదు. వాళ్ళు అవుననేటట్టు చెప్పగలిగితే మిమ్మల్ని ఎవరూ ఆపలేరు."

ఈసారి చప్పట్లు లేవు. వెనక నుంచి ఎవరో అన్నారు, "మేడం గారికి వస్తుంది కదండీ, ఏవైనా మాట్లాడతారు." కొందరు నవ్వారు. ఆవిడ విన్నారు. మైకు నాకిచ్చి వచ్చి తన చోట కూర్చున్నారు. ధర్నా అయిపోయేదాకా కదల్లేదు.

ఆవిడను పిలిచింది నేను కాబట్టి ఆ నవ్వులు నాకు తగిలాయి. బస్టాండు దాకా నడిపించుకు వెళ్ళాను. బస్సు వచ్చే ముందు అనేశాను. "మీరు మా పక్షాన లేరండీ. ఆ మాట ముందే చెబితే నేను పిలిచేవాణ్ణి కాదు."

"పొద్దుటి నుంచి మీ పక్కనే కూర్చున్నాను కదరా," అన్నారు.

"మీకు గ్యారంటీ ఉంది. మాకు లేదు. ఆ తేడా మీకు తెలీదు."

ఆవిడ బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నారు. నేను బస్సు కదిలేదాకా కూడా నిలబడలేదు. ఆ తర్వాత ఏడాదిన్నర వాళ్ళింటి గడప తొక్కలేదు. ఒకే ఊళ్ళో ఉంటూ. ఎదురుపడితే నమస్కారం పెట్టేవాణ్ణి. "బాగున్నావా?" అనేవారు. "బాగున్నానండీ," అని వెళ్ళిపోయేవాణ్ణి. ఇది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. కానీ రాయకపోతే మిగిలినదంతా అబద్ధమవుతుంది.

ఆ ఏడాదిన్నర చివర్లో మా స్కూలు ఫిజిక్స్ మాస్టారు చనిపోయాడు. నాకంటే రెండేళ్ళు చిన్న, నా బ్యాచే, నాలాగే కొత్త పద్ధతిలోవాడు. రాత్రి ఛాతీలో నొప్పి అన్నాడట. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే మైలవరం దాటకముందే అంతా అయిపోయింది. భార్య ఇంట్లోనే ఉంటుంది. ఇంటర్ చదివే కూతురు ఒకతే.

పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకి అతని భార్య ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మా పద్ధతిలోవాళ్ళు ఉద్యోగంలో ఉండగా పోతే, ఆ కుటుంబం రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. అతని ఖాతాలో పేరుకున్న డబ్బు మొత్తం తీసుకుని అక్కడితో సరిపెట్టుకోవడం ఒకటి. ఆ డబ్బు వదులుకుని, పాతవాళ్ళ లాగా నెలనెలా కుటుంబ పెన్షను తీసుకోవడం రెండోది. ఏది ఎంచుకున్నా తర్వాత మార్చుకోవడానికి లేదు.

"మీ ఫ్రెండు ఉంటే ఏది తీసుకోమనేవాడు అన్నయ్య గారూ?" అని అడిగింది.

నేను చెప్పింది ఇప్పటికీ గుర్తే. "డబ్బు తీసుకోండమ్మా. చేతిలో ఉన్నదే మనది. గవర్నమెంటు మాట నమ్మి ఏం బాగుపడ్డాం?" ఆ మాట నా చేత అనిపించింది నా కోపం. అతని కూతురి గురించి, ఇంటి ఖర్చు గురించి ఒక్క నిమిషం ఆలోచించి అన్నది కాదు.

ఆమె మరిది కూడా అదే అన్నాడట. అతను తోటలు పూత మీద కౌలుకు తీసుకునే మనిషి. మోసగాడు కాదు, కష్టపడతాడు. "ఆ డబ్బు నా దగ్గర పెట్టండి వదినా, కాపు దిగాక లాభంతో సహా ఇస్తాను," అన్నాడు. నిజంగా ఇచ్చే ఉద్దేశంతోనే అన్నాడు. తోటలన్నీ పూతకొచ్చి ఉన్నాయి, బేరాలు జరుగుతున్నాయి. అతనికి తొందర.

ఆమెకి మాత్రం మనసు ఒప్పక మళ్ళీ మా ఊరికి వచ్చి టీచరు గారి తలుపు తట్టింది. ఆ సాయంత్రం నాకు ఫోన్ వచ్చింది.

"రేపు ఆదివారం, ఆరాధన అయ్యాక పదకొండింటికి రా. నీ జీతం స్లిప్పు, ఖాతా స్టేట్‌మెంటు పట్టుకురా," అన్నారు. ఏడాదిన్నర గురించి ఒక్క మాట లేదు.

వెళ్ళాను. ఆవిడ భోజనాల బల్ల చుట్టూ నలుగురం కూర్చున్నాం. టీచరు గారు, ఆ అమ్మ, ఆమె మరిది, నేను. ఆవిడ తెల్లకాగితం, పెన్సిలు తీశారు.

"నెలకి ఇంట్లోకి ఎంత అవుద్దమ్మా?"

ఆమె చెప్పింది. అద్దె, బియ్యం, పాప కాలేజీ, హాస్టలు. పెన్సిలుతో రాసుకున్నారు. "నీ వయసెంత?" "నలభై రెండండీ." "మీ అమ్మ ఎంతవరకు బతికింది?" "ఇంకా ఉందండీ. డెబ్బై దాటింది." దాన్నీ రాశారు. ఆ తర్వాత ఆ మొత్తం డబ్బుని నెల ఖర్చుతో భాగించమని నాకిచ్చారు. నేను భాగించాను. వచ్చిన జవాబు చూసి, తప్పేమోనని మళ్ళీ భాగించాను. పాప చదువు, పెళ్ళి పక్కనపెట్టినా, ఆ డబ్బు ఆమెకి యాభై ఏళ్ళు వచ్చేలోపే అయిపోతుంది.

"అది ఊరికే కూర్చుని తింటే కదండీ," అన్నాడు మరిది. "డబ్బుని తిప్పితే డబ్బొస్తది."

"నిజమే. వస్తది," అన్నారు ఆవిడ. "నువ్వు తోటలు చేస్తూ ఎన్నేళ్ళయింది నాయనా?"

"పదకొండేళ్ళండీ."

"ఎన్నేళ్ళు మిగిలింది? ఎన్నేళ్ళు పోయింది?"

అతను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. నిజాయితీపరుడు కాబట్టి నిజమే చెప్పాడు. "ఆరేళ్ళు మిగిలిందండీ. ఐదేళ్ళు పోయింది."

"నష్టమొచ్చిన ఏడు నువ్వు తట్టుకుంటావు. మళ్ళీ ఏడు ఉందిగా అని ధైర్యం. ఈమె మొదటి ఏడే పోతే?"

ఆమె నా వైపు చూసి, "మరి గవర్నమెంటు ఇవ్వకపోతే అండీ?" అని అడిగింది. అది నేను చెప్పిన మాటే. నేను టీచరు గారి వైపు చూశాను.

"ఆలస్యం చేయొచ్చు. మధ్యలో మాట మార్చొచ్చు కూడా. మీ మాస్టర్లకి అలాగే మార్చారు. ఆ భయం నిజమే, లేదనను," అన్నారు. "ఒక్కటి మాత్రం తెలుసుకో. నీ పెన్షను ఎక్కడో మూటకట్టి ఉండదు. నెలనెలా ఎవరో పని చేసి, పన్ను కట్టి, నీకు పంపాలి. షేర్లలో పెట్టిన డబ్బు మాత్రం? ఆ కంపెనీలో కూడా ఎవరో పని చేస్తేనే అది పెరుగుద్ది. డబ్బు దాచుకోవచ్చు కానీ అన్నం దాచుకోలేం. ఇరవై ఏళ్ళ తర్వాత నువ్వు తినే అన్నం ఇరవై ఏళ్ళ తర్వాతే పండాలి. అది పండించేవాళ్ళు ఇవాళ ఈ మాస్టారి క్లాసులో కూర్చుని ఉన్నారు. పాత పద్ధతైనా, కొత్త పద్ధతైనా, ఇందులో తేడా లేదు. తేడా అల్లా, ఏడు బాగోకపోతే ఆ దెబ్బ ఎవరి మీద పడుద్దనే. డబ్బు తీసుకుంటే నీ ఒక్కదాని మీద పడుద్ది. పెన్షనైతే అందరి మీదా కొంచెం కొంచెం."

ఆవిడ కాగితం మడిచి ఆ అమ్మకి ఇచ్చారు. "నిర్ణయం నీది. మా ముగ్గురి ముందు చెప్పకు. ఇంటికెళ్ళి నీ కూతురికి ఈ లెక్క చూపించి, ఇద్దరూ ఆలోచించుకోండి," అని, అందరికీ భోజనం వడ్డించారు.

నాలుగు రోజుల తర్వాత ఆమె నెలనెలా పెన్షనే ఎంచుకుంది. కాగితాలు పూర్తిచేయడానికి టీచరు గారు, నేను ఆమెతో మూడుసార్లు ఆఫీసులు తిరిగాం. మొదటిసారి వెళ్తున్నప్పుడు బస్సులో ఆవిడ పక్కన కూర్చున్నాను. ధర్నా నాటి మాటకి క్షమించమని నేను అడగలేదు. ఆవిడ ఆ ప్రస్తావన తేలేదు. నూజివీడులో దిగాక, "టీ తాగుదామా?" అన్నారు. తాగాం.

ఆ ఏడు కాపు బాగా వచ్చింది. కథల్లో అయితే గాలివాన వచ్చి మరిది నష్టపోవాలి. అలా జరగలేదు. అప్పు తెచ్చి తోటలు చేసిన అతను బాగా మిగుల్చుకున్నాడు. ఒక అట్టపెట్టె నిండా చిన్నరసాలు తెచ్చి టీచరు గారి అరుగు మీద పెట్టాడు. నేనక్కడే ఉన్నాను.

"చూశారా టీచరు గారూ. వదిన నా మాట వినుంటే ఈపాటికి రెట్టింపయ్యేది," అన్నాడు.

ఆవిడ ఒక పండు తీసుకుని, రెండు చేతుల మధ్య మెత్తగా నలిపి, తొడిమ గిల్లి నోట్లో పెట్టుకున్నారు. సగం రసం పీల్చాక, "చాలా బాగుంది," అన్నారు. "నువ్వు సంపాదించావు, సంతోషం. డీజిలు కొట్టించి ఉంటావు. అట్టపెట్టెలు కొని ఉంటావు. ఇల్లు కూడా మొదలుపెట్టావంట, సిమెంటు కొని ఉంటావు. అందులోంచే మీ వదినకి పెన్షను వెళ్ళింది. నువ్వు ఇంకా సంపాదించాలి."

అతను ముందు తెల్లబోయి, తర్వాత నవ్వేశాడు. ఇంకో పండు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

మరుసటి ఏడు మే నెలలో, కోత సగంలో ఉండగా గాలి వచ్చింది. ఒక్క గంటలో చెట్ల కింద కాయ పరుచుకుపోయింది. రాలిన కాయ అడిగినవాడికి అడిగిన ధరకి ఇచ్చేశారు. ఆ వర్షాకాలం నాలుగు నెలలు మరిది ఇంటికి బియ్యం వెళ్ళింది వదిన ఇంటి నుంచే. ఈ సంగతి నాకు అతనే చెప్పాడు, దాచుకోకుండా. టీచరు గారితో అంటే, "ఊఁ," అన్నారంతే. ఆవిడ తన మాట నెగ్గినందుకు సంతోషించినట్టు నాకు కనిపించలేదు. ఆ వారమంతా పక్కింటి ముసలావిడకి రాలిన కాయలు ముక్కలు తరిగి ఇవ్వడంలో, ఒరుగులు ఎండబెట్టడంలో సాయపడ్డారు.

ఆఖరిసారి ఈ విషయం మాట్లాడుకున్నది పోయిన క్రిస్మస్ ముందు. నా ఖాతాలో ఎంతుందో చూపించాను. "నా సంగతేంటండీ చివరికి?" అని అడిగాను. అది ఫిర్యాదు కాదు, మామూలుగానే అడిగాను.

"నీకు జరిగింది అన్యాయమే. అది సరిచేయమని అడుగుతూనే ఉండు. నేనూ వచ్చి కూర్చుంటాను," అన్నారు. "కానీ ఆ కోపం క్లాసులోకి తీసుకెళ్ళకు. రేపు నీకు అన్నం పెట్టాల్సినవాళ్ళకి లెక్కలు రాకుండా పోతాయి."

ఆవిడ పోయిన వారానికి అక్క కూతురు పిలిస్తే వెళ్ళాను. బీరువాలోంచి తీసిన ఫైలు బల్ల మీద పెట్టింది. అందులో పెన్షను కాగితాలన్నీ వరసగా ఉన్నాయి. అన్నిటికన్నా పైన, ట్రెజరీ అధికారికి ఒక అర్జీ. టీచరు గారి చేతిరాత. అక్క కూతురు రాసినట్టుగా, ఆ అమ్మాయి సంతకానికి చోటు వదిలి, ఆవిడే రాసిపెట్టారు.

"మా పిన్నిగారు, విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు, ____ తేదీన మరణించినారు. ఆ రోజు వరకు రావలసిన పెన్షను మాత్రమే ఇచ్చి, ఆ తర్వాతది నిలుపుదల చేయవలసినదిగా కోరుచున్నాను. ఒకవేళ తర్వాతి నెల సొమ్ము జమ అయినచో ఖాతా నుండి తీయక, తిరిగి పంపించగలను."

ఎప్పుడు రాశారో తెలియదు. సిరా కొంచెం పాలిపోయి ఉంది.

"సంతకం పెట్టాను అన్నయ్య గారూ. ఆ తేదీ నింపడం నా వల్ల కావడం లేదు," అంది ఆ అమ్మాయి.

నేనూ అక్కడ నింపలేదు. ఇద్దరం నా బండి మీద నూజివీడు ట్రెజరీ ఆఫీసుకి వెళ్ళాం. క్లర్కు అర్జీ చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివి, "ఇలా ముందే రాసిపెట్టినవాళ్ళని చూడలేదండీ," అన్నాడు. తేదీ దగ్గర వేలు పెట్టి, పెన్ను నా వైపు తిప్పి ఇచ్చాడు. రాశాను. ఆవిడ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, నావి పక్కకి వాలి ఉంటాయి. రసీదు తీసుకుని బయటికి వచ్చాం.

వరండాలో బెంచీల నిండా పెద్దవాళ్ళు. ఏటా తాము బతికే ఉన్నామని వేలిముద్ర వేసి రుజువు చూపించే రోజులు అవి. చిన్న బల్ల దగ్గర ఒక ముసలి మాస్టారు నిలబడి ఉన్నారు. మెషీన్ మీద బొటనవేలు పెట్టారు, ఎర్రలైటు వెలిగింది. వేలు పంచెకి తుడుచుకుని మళ్ళీ పెట్టారు, మళ్ళీ ఎరుపే. ఏళ్ళ తరబడి సుద్దముక్క పట్టుకుని అరిగిపోయిన వేలు. వెనక నిలబడ్డ ఇంకో ముసలాయన, "తడి చేసి పెట్టండి మాస్టారూ," అన్నారు. ఆయన బొటనవేలు నాలుకకి ఆనించుకుని, పిల్లవాడిలా జాగ్రత్తగా, ఊపిరి బిగబట్టి, మెషీన్ మీద ఉంచారు. మేమిద్దరం మెట్ల దగ్గరే ఆగి, పచ్చలైటు వెలిగేదాకా చూస్తూ నిలబడ్డాం.